ప్రతి చుక్కా కొత్తదే

మార్చి 3, మంగళవారం

బండి వచ్చింది.

పదకొండేళ్ళ బండి. తిరిగింది మాత్రం ఆరు వేల కిలోమీటర్లు. కళ్ళ డాక్టరుగారు ఆదివారాలు ఒక్కటే నడిపేవారట. నడుం పట్టేశాక అదీ మానేసి, గ్యారేజీలో దుప్పటి కప్పి పెట్టారు. ఇవాళ ఆ దుప్పటి లాగగానే ట్యాంకు మీద నా మొహం నాకే కనిపించింది. పెళ్ళిచూపుల్లో కూడా నేనింత సిగ్గుపడలేదు.

డాక్టరుగారు సర్వీసు పుస్తకం చేతిలో పెట్టి, "వాడటం లేదు కదా అని నేనేమీ మార్పించలేదు. పెట్రోలు, ఇంజిన్ ఆయిలు, అన్నీ పాతవే. అన్నీ మార్పించండి. బ్రేక్ ఆయిలు మర్చిపోకండి" అన్నారు.

మార్పించడమేమిటి? నేనే మారుస్తాను. ముప్పై ఒక్కేళ్ళు ప్రెస్సులో ఫోర్‌మన్‌గా చేశాను. బెంజి కారంత ఉండే మిషన్‌ని బోల్టు బోల్టూ విప్పి, మళ్ళీ బిగించి, మర్నాడు పొద్దున్నే పేపరు ఎక్కించిన చేతులివి. ప్రెస్సు మూతపడి రెండు నెలలైంది కానీ చేతులు మూతపడలేదు.

మా ఆవిడ గుమ్మంలో నిలబడి చూసి, "మనకిప్పుడు బండెందుకండీ? వెళ్ళడానికి మీకు చోటేదీ?" అంది.

మామూలుగానే అంది. నాకే ఎక్కడో తగిలింది.

ఇది నా కోసం రాసుకుంటున్నది. ఎవరూ చదవరు. కాబట్టి ఇందులో అబద్ధం రాయాల్సిన పని లేదు. నేను బాగానే ఉన్నాను.

మార్చి 4

పెట్రోలు తీసేశాను. దానికి పెట్రోలు వాసన రాలేదు, పాత రంగుడబ్బా మూత తీసినట్టు వచ్చింది. కార్బురేటర్ విప్పితే లోపల జెట్టుల్లో జిగురు. సూది బెజ్జమంత రంధ్రాలు. ప్రెస్సు బ్రష్షులోంచి ఒక వెంట్రుక పీకి, ఒక్కొక్కటీ దూర్చి శుభ్రం చేశాను. మధ్యాహ్నమంతా పట్టింది.

కొత్త పెట్రోలు పోసి కొడితే మూడో కిక్కుకి అందుకుంది. పైవాటా ఆయన బాల్కనీలోంచి చప్పట్లు కొట్టాడు. నేను తల ఎత్తలేదు. చెయ్యి మాత్రం ఊపాను.

మార్చి 6

ఇంజిన్ ఆయిలు. ఐదు నిమిషాలు స్టార్ట్ చేసి ఉంచి, వేడెక్కాక కింద బోల్టు విప్పాలి. నల్లగా, నీళ్ళలా పలచగా దిగింది. జారేదంతా దిగాక ఫిల్టరు మార్చాను, బోల్టుకి కొత్త వాషరు వేశాను. బిగించేటప్పుడు ఎక్కడ ఆపాలో చెయ్యి తనంతట తానే చెప్పింది. ఆ మాట కుర్చీలో కూర్చున్నవాళ్ళకి అర్థం కాదు.

పాత ఆయిలు పట్టడానికి నేను తీసుకున్నది పిండి కలిపే పళ్ళెమట. మా ఆవిడ ఒంటికాలి మీద లేచింది. "ముప్పై ఏళ్ళు ప్రెస్సు మసి ఉతికాను, ఇప్పుడు దీని మసి కూడానా!" పళ్ళెం బండికే రాసిచ్చేసింది. కొత్తది కావాలంది. ఒప్పుకున్నాను. ఇవాళ ఏమడిగినా ఒప్పుకునేవాణ్ణే.

మార్చి 8, ఆదివారం

మా బావమరిది వచ్చాడు. వాడికి బస్టాండు దగ్గర బండ్ల విడిభాగాల షాపు. వెనక షెడ్డులో ఇద్దరు మెకానిక్కులు. ఈ పుస్తకంలో నేను వాణ్ణి స్పేర్‌పార్ట్స్ మహారాజని రాస్తాను.

బండి చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, "బావా, ఇలా కూర్చోబెట్టిన బండ్లు తిరిగిన బండ్లకంటే మోసం. మా షెడ్డుకి తీసుకురండి. మా మెకానిక్ ఒక్క పూటలో అన్నీ మార్చేస్తాడు" అన్నాడు.

"నా చేతులేం పడిపోలేదురా."

"అయ్యో, అలా అనలేదు బావా. పోనీ మీరే రండి. కౌంటర్లో కూర్చుని ఊరికే చూసుకుందురు గాని. నాకూ మనిషి కావాలి."

ఊరికే చూసుకోవాలట! నా కింద పద్దెనిమిది మంది పనిచేశారు. మా ఆవిడ మాట మార్చి భోజనానికి లేపింది. కూరలో ఉప్పెక్కువైందన్నాను. కాలేదు.

మార్చి 11

రేడియేటర్ నీళ్ళు. పచ్చగా ఉండాల్సినవి ఇటుక రంగులో వచ్చాయి. మూడుసార్లు కడిగాను.

మార్చి 13, శుక్రవారం

ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కుల్లో ఆయిలు. ఇది కష్టమైన పని. చక్రం విప్పి ఫోర్కులు బయటికి లాగాలి. అమ్మాయి అప్పుడే పనినుంచి వచ్చి, సంచీ మెట్ల మీద పెట్టి అక్కడే కూర్చుంది. తను ల్యాబులో పనిచేస్తుంది. ఇళ్ళకి వెళ్ళి రక్తం తీసుకొచ్చే పని. రోజంతా బస్సులెక్కి దిగి కాళ్ళు లాగుతుంటాయి. అయినా కదల్లేదు.

"ఇది కూడా పాడవుతుందా నాన్నా? ఎండా తగలదు, దుమ్మూ తగలదు కదా?"

"ఊరికే ఉన్నా పాడవుతుంది తల్లీ. సీలు అరిగిన పొడి, తేమ, అన్నీ అందులోనే చేరతాయి." గిన్నెలోకి వంపి చూపించాను. చేపలు కడిగిన నీళ్ళలా ఉంది, వాసన కూడా అలాగే. ముక్కు మూసుకుని నవ్వింది.

సర్వీసు పుస్తకం తీసుకుని మొదటి పేజీ నుంచి చదవడం మొదలెట్టింది. "నీకెందుకమ్మా అదంతా?" అన్నాను. "ఊరికే" అంది. చివరి పేజీ దాకా చదివింది.

మార్చి 14

ఇక మిగిలింది ముందు బ్రేకు. వెనకది డ్రమ్ము, దానికి ఆయిలు ఉండదు.

చక్రం దగ్గర గాలి తీసే స్క్రూ ఒకటుంది. అది విప్పితేనే కింది పాత ఆయిలు బయటికొస్తుంది. పదకొండేళ్ళుగా ఎవరూ ముట్టుకోలేదు. స్పానర్ వేస్తే జారుతోంది. మూలలు అరగడం మొదలైంది. ఇంకొంచెం బలం పెడితే విరుగుతుంది. విరిగితే దాన్ని తియ్యడానికి మహారాజుగారి షెడ్డుకే పోవాలి. సర్వీసు పుస్తకంలో ఇద్దరు మనుషులు కావాలని కూడా రాసుంది. ఒకరు పైన హ్యాండిలుకున్న బ్రేకు లీవరు నొక్కాలి, ఒకరు కింద స్క్రూ విప్పి బిగించాలి.

రేపు చూద్దాం.

మార్చి 15, ఆదివారం

పని పూర్తయింది.

హ్యాండిలు దగ్గర పైడబ్బాలో ఉన్న పాత బ్రేక్ ఆయిలు అమ్మాయి తెచ్చిన సిరంజితో పీల్చేశాను. కొత్త సీసా విప్పి నిండా పోశాను. డబ్బాకున్న చిన్న అద్దంలోంచి చూస్తే నీళ్ళలా తేటగా ఉంది. లీవరు రాయిలా ఉంది. కింద గొట్టంలో పాతది మహా అయితే రెండు చెంచాలుంటుంది. అదీ మెల్లగా కొత్తదాంతో కలిసిపోతుంది. ప్రెస్సులో పాత ఇంకు మీద కొత్త ఇంకు పోస్తే నాలుగు తిరుగుళ్ళకి అంతా ఒకటైపోయేది కాదూ?

స్క్రూ తర్వాత తీరిగ్గా చూడొచ్చు.

మార్చి 16

తిప్పుకొచ్చాను. ఊరి బయట చెరువు గట్టు దాకా వెళ్ళి వచ్చాను. ఇంజిన్ చప్పుడు పట్టుబట్ట చింపినట్టుంది. బ్రేకు వేస్తే వేసిన చోట ఆగింది.

మహారాజుకి ఫోన్ చేశాను. "ఏరా, అయిపోయింది. ప్రతి చుక్కా కొత్తదే."

"అన్నీ మీరే చేశారా? బ్రేక్ ఆయిలు కూడా?"

"ప్రతి చుక్కా అన్నానుగా!"

పైవాటా ఆయనకీ చెప్పాను. మా ఆవిడకీ చెప్పాను. భోజనాల దగ్గర అమ్మాయి అడిగితే దానికీ చెప్పాను. ఎన్నిసార్లు చెప్తే అంత నిజంగా ఉంది.

మార్చి 19, గురువారం

అమ్మాయి ఒక సంగతి చెప్పింది. కొండ మీద కొత్త కాలనీకి బస్సు రెండు గంటలకొకటి. ల్యాబువాళ్ళు ఆ రూటంతా ఒకే మనిషికి అప్పగిస్తారట, సొంత బండి ఉన్న మనిషికి. పదకొండున్నర లోపు నమూనాలు కిందికి చేర్చాలి. ఇద్దరు అడిగారట. అందులో ఒకరు మా అమ్మాయే.

"నీకు బండి వచ్చా?"

"లైసెన్సు తీసుకుని ఎనిమిది నెలలైంది నాన్నా. స్నేహితురాలి బండి మీద నేర్చుకున్నాను."

ఎనిమిది నెలలు! నాకెందుకు చెప్పలేదని అడిగాను. "అప్పుడు ప్రెస్సు గొడవల్లో ఉన్నావు. నీకు ఏం చెప్పినా వినబడేది కాదు" అంది.

వీధి చివరిదాకా నడిపి చూపించమన్నాను. గేర్లు నాకంటే మెత్తగా వేస్తోంది. ఆ మాట దానికి చెప్పలేదు. మెడ మరీ ముందుకు వంచకు అని మాత్రం చెప్పాను.

మార్చి 24, మంగళవారం

అమ్మాయి పడింది. ఎడమ మణికట్టు విరిగింది. కట్టు వేశారు. ఇంకేం లేదు. ఇంకేం లేదన్నారు.

మార్చి 25

రాయాలి.

నిన్న ల్యాబువాళ్ళు కొండ రూటుకి ఒకరోజు పరీక్షగా పంపారు. తాళం నేనే ఇచ్చాను. "ప్రతి చుక్కా కొత్తదే, ధైర్యంగా వెళ్ళు" అని మరీ ఇచ్చాను. పైకి వెళ్ళి పద్నాలుగు ఇళ్ళు తిరిగింది. దిగేటప్పుడు ఆరు మలుపులు. ప్రతి మలుపుకీ బ్రేకు వేసుకుంటూ వచ్చింది. ఐదో మలుపు దగ్గర లీవరు మెత్తబడింది. ఆరో మలుపు దగ్గర పిడికిట్లోకి వచ్చేసింది, బండి ఆగలేదు.

అప్పుడది గేరు తగ్గించింది. వెనక బ్రేకు తొక్కింది. ఎదురుగా బడిపిల్లల వ్యాన్ వస్తుంటే పక్కన కడుతున్న ఇంటి ముందు ఇసక కుప్ప చూసుకుని, దాని మీదికి పోనిచ్చింది. వెనక కట్టిన నమూనాల డబ్బా చెక్కుచెదరలేదు. పడ్డ చోటినుంచే ల్యాబుకి ఫోన్ చేసి, డబ్బా తీసుకెళ్ళడానికి మనిషిని రప్పించి, ఆ తర్వాతే ఆసుపత్రికి వెళ్ళింది. ఇదంతా ఆ ఇంటి మేస్త్రి చెప్పాడు.

సాయంత్రం బావమరిది వచ్చాడు. బండి తెప్పించి నిలబెట్టారు. హ్యాండిలు వంగింది, అద్దం పగిలింది. వాడు లీవరు నొక్కాడు. మళ్ళీ నొక్కాడు. "రాయిలా ఉంది బావా. బ్రేకుకేం రోగం లేదు."

నిజంగానే ఉంది. నేనూ నొక్కి చూశాను.

"బ్రేకు పట్టలేదు నాన్నా" అంది అమ్మాయి. కుర్చీలో, కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని. "రెండు వేళ్ళతో కాదు, నాలుగు వేళ్ళతో నొక్కాను."

"స్పీడు మీద ఉండి ఉంటావు" అన్నాడు వాడు.

మా ఆవిడ, "చెప్పానా, ఆడపిల్లకి బండేమిటని! దానికి ఏం తెలుసు?" అంది.

అందరూ నా వైపు చూశారు. బండి చేసినవాణ్ణి నేను.

నేనన్నాను: "కొత్తవాళ్ళు కంగారులో సరిగ్గా నొక్కరు. నొక్కామనే అనుకుంటారు."

అమ్మాయి నా మొహం చూసింది. తర్వాత తన కుడి చెయ్యి చూసుకుంది.

మార్చి 26

లీవరు మళ్ళీ చూశాను. గట్టిగానే ఉంది.

మార్చి 27

ఆరుసార్లు చూశాను. గట్టిగానే ఉంది.

మార్చి 28, శనివారం

ల్యాబు ఇన్‌ఛార్జి మేడమ్ ఒక కాగితం పంపారు. ప్రమాదం ఎలా జరిగిందో రాసివ్వాలి. తప్పు నడిపినవాళ్ళదైతే రూటు, దాన్ని అడిగిన రెండో మనిషికి ఇస్తారు. అందులో అన్యాయమేం లేదు, ప్రాణాలతో పని కదా.

అమ్మాయి బల్ల దగ్గర కూర్చుని రాస్తోంది. కుడిచేత్తో రాస్తూ మధ్యలో ఆపి, ఒక రబ్బరు బంతి తీసి నొక్కుతోంది. పది సార్లు, ఇరవై సార్లు.

"అదేంటమ్మా?"

"పట్టు పెరగడానికి." బంతి వైపే చూస్తూ అడిగింది, "నాన్నా, వేళ్ళు మొద్దుబారితే మనకి తెలుస్తుందా? అంటే... గట్టిగా నొక్కుతున్నామనే అనిపించి, నిజానికి నొక్కకుండా ఉండే వీలుందా?"

ఏదో పనున్నట్టు పెరట్లోకి వచ్చేశాను.

అది లోపలికి వెళ్ళాక కాగితం చూశాను. "బ్రేకు సరిగ్గా వేయలేకపోయాను. పొరపాటు నాదే" అని రాసుంది. అక్షరాలు గుండ్రంగా ఉన్నాయి. ఒక్క తప్పు లేదు.

మార్చి 30, సోమవారం

తుప్పు వదిలించే నూనె స్క్రూ చుట్టూ శనివారమే పోసి ఉంచాను. ఎందుకు పోశానో శనివారం నాకు తెలీదని అనుకున్నాను. తెలుసు.

ఇవాళ పొద్దున్నే వేడినీళ్ళు పోసి, సరిగ్గా పట్టే స్పానర్ వేసి, ఊపిరి బిగబట్టి తిప్పాను. ఒక చిన్న టక్కు. తిరిగింది. విరగలేదు. పదిహేను రోజుల కిందట ఇంతే ఓపిక పట్టి ఉంటే అప్పుడూ తిరిగేదే.

పాతది దింపడానికైతే ఒక్కణ్ణి చాలు. సన్నటి గొట్టం తగిలించి, పైన లీవరు నొక్కుతూ గాజు సీసాలోకి పట్టాను. మొదటి చుక్కనుంచే కాచి కాచి మరిచిపోయిన టీలా నల్లగా దిగింది. దిగుతూనే ఉంది. రెండు చెంచాలు కాదు. అర గ్లాసు.

సర్వీసు పుస్తకం తెరిచాను. నలభై ఒకటో పేజీ. పాత బ్రేక్ ఆయిలు గాల్లో తేమ పీల్చుకుంటుంది. పల్లంలో ఎక్కువసేపు బ్రేకు వాడితే ఆ వేడికి అందులో నీరు ఆవిరవుతుంది. అప్పుడు లీవరు కిందికి పోతుంది, బ్రేకు పట్టదు. చల్లారాక మళ్ళీ మామూలవుతుంది.

చల్లారాక మళ్ళీ మామూలవుతుంది. నాలుగుసార్లు చదివాను.

అది నాలుగు వేళ్ళతోనే నొక్కింది.

మార్చి 31

చెప్పేశాను.

పొద్దున్న, మా ఆవిడ బజారుకి వెళ్ళినప్పుడు. బల్ల మీద సీసా పెట్టి, పక్కన కొత్తది పెట్టాను. అమ్మాయి సీసా ఎత్తి కిటికీ వెలుగులో చూసింది. రోజూ రక్తం సీసాలు చూసే పిల్ల. దానికి విడమర్చి చెప్పాల్సిన పని లేకపోయింది.

"ఇది ఎక్కడిది?"

"బ్రేకు లోపలిది. నేను పైన మాత్రం మార్చాను. కింద స్క్రూ రాలేదు. వదిలేశాను."

"పుస్తకంలో చదివాను నాన్నా. నలభై ఒకటో పేజీ. ఆ రోజు ఇసకలో పడి ఉన్నప్పుడు అదే గుర్తొచ్చింది." సీసా వంచి చూసింది. "కానీ నువ్వు మార్చానన్నావుగా. అందుకని అది కాదనుకున్నాను."

బిగించే ఉన్న కొత్త సీసా మూత మళ్ళీ బిగించాను.

"కింద మార్చలేదని నీకెప్పుడు తెలుసు?"

"మొదటినుంచీ."

"మావయ్య స్పీడన్నప్పుడూ?"

"అప్పుడూ."

అది ఏడవలేదు. అరవలేదు. సీసా దించి, ఒళ్ళో ఉన్న రబ్బరు బంతి బల్ల మీద పెట్టింది. లేచి తన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. బంతి దొర్లుకుంటూ వెళ్ళి సీసాకి తగిలి ఆగింది.

ఏప్రిల్ 5, ఆదివారం

బావమరిదిని నేనే భోజనానికి పిలిచాను. అందరూ కూర్చున్నాక లేచి నిలబడ్డాను. కూర్చునే చెప్పొచ్చు. కానీ గొప్పలు చెప్పినన్నాళ్ళూ నిలబడే చెప్పాను.

"బ్రేక్ ఆయిలు నేను పూర్తిగా మార్చలేదు. మార్చానని మీ అందరికీ అబద్ధం చెప్పాను. అమ్మాయిది తప్పు లేదు. స్పీడూ కాదు, కంగారూ కాదు. బ్రేకు పోయిన బండిని వ్యాన్ కిందికి పోనివ్వకుండా ఇసకలోకి తిప్పింది. నేనైతే తిప్పేవాణ్ణో లేదో."

మా ఆవిడ గరిట గిన్నెలో పడేసింది. "దానికి ఏం తెలుసని నా నోటితో నేనన్నానే! మీరు పక్కనే కూర్చుని విన్నారే!" తర్వాత నాతో మాట్లాడలేదు. అన్నం మాత్రం వడ్డించింది, కంచం మోగేలా.

బావమరిది ఎగతాళి చేస్తాడని సిద్ధపడే ఉన్నాను. వాడు కాసేపు అన్నం కెలికి, "ఆ స్క్రూలు పాపిష్టివి బావా. మా మెకానిక్కే రెండు విరిచాడు" అన్నాడు. తర్వాత అమ్మాయి వైపు తిరిగి, "నన్ను క్షమించమ్మా. తెలీకుండా నోరు జారాను" అన్నాడు.

అడగాల్సింది వాడా? వాణ్ణి మహారాజని రాయడం ఇవాళ్టితో మానేస్తున్నాను.

ఏప్రిల్ 7, మంగళవారం

ల్యాబుకి వెళ్ళాను. ఇస్త్రీ చొక్కా, ప్రెస్సుకి వేసుకెళ్ళే బూట్లు. జరిగింది ఉన్నదున్నట్టు నేను రాసిచ్చిన కాగితం ఇన్‌ఛార్జి మేడమ్ రెండుసార్లు చదివారు.

"మీరేం రాశారో మీకు అర్థమవుతోందా అండీ? బండి సరిగ్గా లేదని తెలిసే ఇచ్చినట్టవుతుంది."

"అర్థమయ్యే రాశానండి. సంతకం కూడా పెట్టాను."

"మీ అమ్మాయి మొన్న వేరేలా రాసిచ్చింది."

"నా మాట నమ్మి రాసింది. నా మాట తప్పు."

ఆవిడ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టారు. "ఆ రోజు మాకు ఫోన్ చేసినప్పుడు, చెయ్యి విరిగిందని మీ అమ్మాయి చెప్పనే లేదండీ. డబ్బా నీడలో పెట్టించాను, తొందరగా రండి అని మాత్రం చెప్పింది." చెయ్యి బాగయ్యేదాకా రూటు ఎవరికీ ఖాయం చేయనన్నారు. బండిని మాత్రం తాము చెప్పిన చోట తనిఖీ చేయించాలన్నారు. సరేనన్నాను.

ముప్పై ఒక్కేళ్ళలో నా చేతి మీదుగా లక్షల పేజీలు వెళ్ళాయి. ప్రతిదాంట్లో ఎక్కడో ఒక తప్పు దొర్లేది. ఈ ఒక్క పేజీలో తప్పు లేదు. మెట్లు దిగుతుంటే ఛాతీ కొంచెం ముందుకొచ్చింది. ఇలాంటి పనికి కూడా గర్వపడతానా అని నా మీద నాకే నవ్వొచ్చింది. గర్వపడ్డాను, ఏం చేయను!

ఏప్రిల్ 12

అమ్మాయి మాట్లాడలేదు.

ఏప్రిల్ 16

మా ఆవిడ మాట్లాడుతోంది. తిట్లే. అదే చాలు.

ఏప్రిల్ 19, ఆదివారం

"నాన్నా, ఉప్పు" అంది.

అందించాను.

ఏప్రిల్ 27

హ్యాండిలు మార్చాను. అద్దం పెట్టాను. బ్రేకు జోలికి పోలేదు. అమ్మాయి వెళ్తూ వెళ్తూ ఆగి చూసింది. "బ్రేకు ముట్టుకోకు" అంది. "ముట్టుకోలేదు" అన్నాను. నా మాట నమ్మలేదు. వంగి స్క్రూ చూసింది. చూసుకోనీ. చూసుకోవడం మంచిదే.

మే 5, మంగళవారం

కట్టు విప్పారు. చెయ్యి సన్నబడింది.

మే 8, శుక్రవారం

"ఇవాళ బ్రేకు చేద్దాం" అంది అమ్మాయి. చేద్దాం అంది, చెయ్యి అనలేదు.

కొత్త స్క్రూ బావమరిది షాపులో కొన్నాను. నేనే వెళ్ళి కౌంటర్ ముందు నిలబడి అడిగాను. వాడు కుర్చీ వేశాడు. కూర్చున్నాను.

అమ్మాయి పాత గుడ్డలు పరిచింది. ఆయిలు చింది ట్యాంకు రంగు పోకుండా ప్లాస్టిక్ కాగితం కప్పింది. నేను స్పానర్ అందుకోబోతే తీసుకుంది. "స్క్రూ నాది. నువ్వు పైన ఉండు. లీవరు నొక్కు, డబ్బా ఖాళీ అవకుండా ఆయిలు పోస్తుండు. నేను చెప్పినప్పుడే వదలాలి."

"సరే."

చక్రం పక్కన బాసింపట్టు వేసుకుని కూర్చుంది. "నొక్కు. నొక్కు. నొక్కు. పట్టుకో." స్క్రూ పావు చుట్టు తిప్పింది. గొట్టంలో బుడగలు, గోధుమరంగు ధార. బిగించింది. "వదులు."

పద్దెనిమిది మందికి నేను చెప్పిన గొంతు అదే. నాకెవరూ చెప్పినట్టు లేదు ఇంతవరకూ. వినడం కూడా ఒక పనే. ఒకసారి తొందరపడి ముందే వదిలాను, గాలి లోపలికి పోయింది. తలెత్తి చూసింది. "మొదటినుంచి" అంది. మొదటినుంచి చేశాం.

ఒక సీసా అయిపోయింది. గొట్టంలో ధార తేటగా వస్తోంది.

"చాలమ్మా. స్వచ్ఛంగా వచ్చేసింది."

"ఇంకో సీసా విప్పు."

"వృథా కదే, తేటగానే..."

"నాన్నా."

విప్పాను. రెండో సీసాలో సగం అయ్యేసరికి, ఎక్కడో గొట్టం మలుపులో దాక్కున్నది, ఒక్క నల్లటి తీగ వచ్చింది. వెంట్రుకంత. గొట్టంలో మెల్లగా జారి సీసాలో పడింది. ఇద్దరం చూశాం. ఇంకో సీసా నేనే విప్పాను.

అయ్యాక గుడ్డతో స్క్రూ తుడిచి, రబ్బరు మూత పెట్టి, లేచి నడుం విరుచుకుంది. ముక్కు మీద మసి. చెప్పలేదు. ఉండనిచ్చాను, బాగుంది.

మే 9

ల్యాబువాళ్ళు చెప్పిన చోట తనిఖీ అయింది. అక్కడి మెకానిక్ బ్రేక్ ఆయిల్లో తేమ చూసే పరికరం ముంచి చూసి, "కొత్త బండికి కూడా ఇంత శుభ్రంగా ఉండదండీ" అన్నాడు. అమ్మాయి కాగితం తీసుకుని మడిచి సంచీలో పెట్టుకుంది. నేను పైకప్పు చూస్తూ నిలబడ్డాను, మొహం దాచుకోవడానికి.

మే 10, ఆదివారం

కొండకి వెళ్ళాం. పైదాకా నేను వెనక కూర్చుంటానన్నాను. వద్దంది. "మొదటిసారి నేనొక్కదాన్నే దిగాలి. నువ్వు కింద ఉండు."

కింద బస్సు ఆగే చోట నిలబడ్డాను. ఎండ. చప్పుడు పైకి పోయి, పోయి, ఆగింది. తర్వాత దిగడం మొదలైంది. కావాలనే బ్రేకు మీద దిగుతోందని చప్పుడు బట్టి తెలుస్తోంది. మొదటి మలుపు. రెండు. మూడో మలుపు దగ్గర చెట్ల వెనక కనబడకుండా పోయింది. నాలుగు. నా కుడి చెయ్యి దానంతటదే గాల్లో ముడుచుకుంటోంది. ఐదో మలుపు. అక్కడ మెత్తబడిందని చెప్పింది. ఇంజిన్ గొంతు మారలేదు. ఆరో మలుపు తిరిగి వచ్చింది. నిటారుగా, మెడ వంచకుండా. నేరుగా వచ్చి నా ముందున్న తెల్లగీత మీద, గీతకి ముందూ కాదు, దాటీ కాదు, ఆపింది.

హెల్మెట్ అద్దం పైకెత్తింది. "రెండు వేళ్ళు చాలు నాన్నా" అంది. కళ్ళు నవ్వుతున్నాయి. "ఇంకోసారి వెళ్ళొస్తా." తిప్పుకుని మళ్ళీ కొండెక్కింది.

బస్సు కోసం నిలబడ్డ పెద్దాయన ఒకాయన అటే చూస్తున్నాడు. "భలే ఆగిందండీ బండి! బ్రేకులు ఎవరు చేశారు?"

ముప్పై ఒక్కేళ్ళుగా నా నోట్లో సిద్ధంగా ఉండే జవాబు ఒకటుంది. ఇవాళ అది రాలేదు.

"మా అమ్మాయి" అన్నాను. "నేను ఆయిలు పోశాను."

ఆయనకి ఆ రెండో మాట అక్కర్లేదు. నాకు కావాలి.